రువైస్ ఇంట్లో పాత కంప్యూటర్, కొత్త టీవీ

మాటతో వెలుగును పుట్టించిన దేవునికి మొదట నా స్తోత్రం. టీవీ తెర మీద బొమ్మ తెప్పించడం నా వృత్తి. ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా వచ్చిన బొమ్మలన్నిటికీ ఘనత ఆయనదే. వణికే చేతికి నిలకడనూ, వణికే నోటికి ధైర్యాన్నీ ఇచ్చేవాడు ఆయనేనని నేను కళ్ళారా చూసిన రోజు గురించి ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి సహోదరి శాంతకుమారి ఒప్పుకుంది. ఇంటి యజమానుల పేర్లు మాత్రం మార్చాను.

అది 2023, ఎండలు ముదరబోయే రోజులు. అబుదాబీ శివారులోని బనియాస్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపులో అప్పటికి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. టీవీలు, డిష్ రిసీవర్లు, సౌండ్ బాక్సులు మా దగ్గరికి వస్తాయి. ఈ మధ్య బాగుచేయించుకునేవాళ్ళు తగ్గారు. పాడైతే పారేసి కొత్తది కొంటున్నారు. అయినా డిష్ పని మాత్రం తగ్గదు. గాలిదుమారం లేచిందంటే మేడల మీద డిష్‌లన్నీ తలలు తిప్పుకుంటాయి, మర్నాడు నాకు ఫోన్లు వస్తాయి.

మా క్రైస్తవ సంఘం దగ్గర్లోని ముసఫ్ఫాలో శుక్రవారం సాయంత్రం కూడుకుంటుంది. దేశంలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారినా మా ఆరాధన రోజు మారలేదు. శాంతకుమారి ఒకప్పుడు మాతో కూర్చుని పాడిన మనిషే. అమలాపురం పక్క పల్లె ఆమెది. భర్త లేడు. కూతురు కాకినాడలో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. బనియాస్‌లో ఒకరింట్లో పనిచేసి, తరవాత రువైస్‌లో తెలుగువాళ్ళింట్లో కుదిరింది. రువైస్ అంటే రిఫైనరీ ఊరు. అబుదాబీ నుంచి పడమరగా ఎడారిలో చాలా దూరం పోవాలి. అక్కడికి వెళ్ళాక ఆమె ఆరాధనకు రావడం కుదరలేదు. శుక్రవారం ఎవరో ఒకరి ఫోన్‌లో నుంచి పాటలు వినేది.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"వందనాలన్నయ్యా. మా సార్‌గారు మీకు ఫోన్ చేస్తారండి. మీ నంబరు నేనే ఇచ్చేను."

"వందనాలమ్మా. ఏంటి, టీవీ పోయిందా?"

"టీవీ బానే ఉందండి. కంప్యూటరండి. పాతకాలంది. టీవీకి పెట్టుకుని చూసేది." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "అన్నయ్యా, దాన్ని నేను డిష్ బాక్సుకి పెట్టేనండి. ఆ సంగతి వాళ్ళకి తెలీదు."

విషయం ఇదీ. ఆ ఇంటాయన, నర్సింగరావు గారు, వరంగల్ మనిషి. రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు. అదే నెలలో రిటైరై భార్య వసుధ గారితో హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి. సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. ఆయన దగ్గర ఒక పాత హోమ్ కంప్యూటర్ ఉంది. అంటే కంప్యూటర్ మొత్తం ఒక కీబోర్డులోనే ఇమిడి ఉంటుంది. దానికి వేరే తెర ఉండదు. ఇంట్లో టీవీనే తెర. గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో, వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర దాన్ని తీసుకున్నారట. నడిచే వస్తువే కార్గోలో వేస్తామని వసుధ గారు గట్టిగా చెప్పేశారు. అది నడుస్తుందో లేదో చూద్దామంటే తీగ కనబడలేదు. ఆయన రెండు రోజులు ఇల్లంతా వెతుకుతూ సణుక్కున్నారు.

ఆయన డ్యూటీకి వెళ్ళినప్పుడు శాంతకు ఆ తీగ ఒక సంచిలో దొరికింది. సార్‌గారు వచ్చేసరికి నడిపించి చూపిద్దామనుకుంది. ఇక్కడ గోడలోంచి వచ్చే ప్రతి తీగా డిష్‌దే. యాంటెన్నా అనేది చూసినవాళ్ళే తక్కువ. ఏ బొమ్మ రావాలన్నా డిష్ రిసీవర్‌లోంచే రావాలన్నది ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు అలవాటైన లెక్క. గాలికి బొమ్మ పోయినప్పుడల్లా రిసీవర్ వెనక తీగ విప్పి, తుడిచి, మళ్ళీ మర బిగించేది శాంతే. ఆ చేత్తోనే డిష్ తీగ విప్పేసి, దాని స్థానంలో కంప్యూటర్ తీగ బిగించింది. చివర పట్టకపోతే అదే సంచిలో ఉన్న చిన్న అడాప్టర్ తగిలించింది. బొమ్మ రాలేదు. భయపడి పీకేసి, తీగ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

సాయంత్రం నర్సింగరావు గారు వచ్చి, తీగ దొరికిందని సంతోషపడి, తిన్నగా టీవీకే కలిపారు. టీవీ ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. పోయినసారి శుభ్రంగా నడిచింది, ఇప్పుడేమైంది, ఎవరన్నా ముట్టారా అని ఆయన అడిగారు. వసుధ గారు శాంతను పిలిచి అడిగారు.

"దుమ్ము తుడిచేనంతే అన్నానండి. నోట్లోంచి అలా వచ్చేసింది అన్నయ్యా." అంది శాంత ఫోన్‌లో. "మీరొచ్చి చూసి, కాలిపోయుంటే, పాతదై పోయిందని చెప్పెయ్యండి. ముసలి సామానే కదండీ, నమ్ముతారు."

ఆమె భయానికి కారణం నాకు తెలుసు. వీళ్ళు వెళ్ళిపోతే ఆమె వీసా ఇంకో ఇంటికి మారాలి. లేకపోతే ఆమే ఇంటికి పోవాలి. పక్క వీధిలో విశాఖపట్నం కుటుంబం ఒకటి ఆమెను పెట్టుకుందామనుకుంటోంది. కానీ ఇళ్ళల్లో పనికి పెట్టుకునేటప్పుడు ఇక్కడ కాగితాలకంటే మాటకే విలువ. పాత మేడం గారు "మంచి మనిషి" అంటే పని ఉన్నట్టే. "వస్తువులు పాడుచేస్తది, అడిగితే అబద్ధం చెప్తది" అంటే ఆ కాలనీలో ఇంకెవరూ తలుపు తీయరు. ఆ విశాఖ ఆవిడ శనివారం ఫోన్ చేసి కనుక్కుంటానందట. నర్సింగరావు గారు నన్ను రమ్మన్నదీ శనివారమే.

"శాంతమ్మా, నా అంతట నేను నీ పేరెత్తను," అన్నాను. "కానీ ఆయన నన్ను సూటిగా అడిగితే లేనిది చెప్పలేను. పైగా కాలితే ఆ గుర్తు కనబడుద్ది. ఆయన ఇంజినీరు. నువ్వే ముందు చెప్పేసుకుంటే మంచిది."

దానికామె అంది, "మీకేంటన్నయ్యా. మీ వీసా మేడంగారి చేతిలో లేదు కదండీ."

ప్రార్థన చేద్దామమ్మా అన్నాను. ఫోన్‌లోనే చేశాం. ఆమె ఆమేన్ అనలేదు. మేడంగారు వస్తున్నారని పెట్టేసింది.

శనివారం పొద్దున్నే బయల్దేరాను. దారి పొడుగునా ఉప్పు పేరుకున్న తెల్లటి నేల, కంచెల వెనక ఒంటెలు, వరసగా ట్యాంకర్లు. కారు నడుపుతున్నానేగాని మనసంతా ఒక చిన్న రేకు డబ్బా మీదే ఉంది. దాని పేరు ఆర్.ఎఫ్. మాడ్యులేటర్. పాత కంప్యూటర్లలో ఇది ఉంటుంది. కంప్యూటర్ తయారుచేసిన బొమ్మను ఒక టీవీ చానల్‌లా మార్చి తీగలోకి పంపుతుంది. టీవీకి అది కంప్యూటరని తెలియదు. ఎక్కడో ఒక స్టేషన్ వస్తోందనుకుంటుంది.

డిష్ వ్యవహారం వేరు. డిష్ ముందు చెయ్యి చాపినట్టుండే భాగాన్ని ఎల్.ఎన్.బి. అంటాం. అది పనిచేయాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటును రిసీవరే పంపుతుంది. బొమ్మ లోపలికి వచ్చే తీగలోనే కరెంటు బయటికి ఎదురెళుతుంది. కాబట్టి శాంత ఆ తీగ బిగించిన క్షణంలో, బయటికి మాత్రమే పంపడం తెలిసిన ఆ రేకు డబ్బాలోకి పద్దెనిమిది వోల్టుల దాకా కరెంటు తోసుకుపోయి ఉండొచ్చు. లోపల వెంట్రుక మందం కాళ్ళున్న రెసిస్టర్లు అంత తాకిడికి నల్లబడిపోతాయి. అలా నల్లబడినవి నేను చూశాను. కంప్యూటర్ బతకొచ్చు. మాడ్యులేటర్‌ను పక్కన పెట్టి, దానికి ముందే బొమ్మను పట్టుకుని కాంపోజిట్ తీగతో టీవీకి ఇవ్వొచ్చు. కాంపోజిట్ అంటే పసుపు రంగు మూతితో ఉండే ఆ తీగే. కానీ నల్లబడ్డ రెసిస్టర్ ఎందుకు నల్లబడిందని ఎవరైనా అడుగుతారు. అడిగితే అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ నాకు అడ్డంగా నిలబడుతుంది. శాంతకు పని పోతుంది. దేవా, అది కాలకుండా చూడు అని దారంతా అడిగాను. అప్పటికే జరిగిపోయినదాని గురించి అడగడం ఏం ప్రార్థన అని కూడా అనిపించింది. అయినా మానలేదు.

ఇంట్లో నడవడానికి కూడా చోటు లేదు. ఎటు చూసినా అట్టపెట్టెలే. నర్సింగరావు గారు పొడుగ్గా, నెరిసిన మీసాలతో, టీ షర్టు వేసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"రాండ్రి, రాండ్రి. మీకోసమే చూస్తున్న. ఇదుగో, పేషెంటు." బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద కంప్యూటర్ పెట్టారు. నల్లటి ఒళ్ళు, రబ్బరు మీటలు, కొన్నిటి మీద అక్షరాలు అరిగిపోయాయి.

వసుధ గారు అట్టపెట్టెకు టేపు వేస్తూ తల ఎత్తకుండానే అన్నారు. "నాకన్న ఎక్కువ దాన్నే చూసుకుంటడు సార్. జరమొచ్చిందంటె నాకు డోలో ఇస్తడు. దానికేమో అబుదాబీకెల్లి డాక్టర్ని పిలిపిచ్చిండు."

"నీకన్న తక్కువ మాట్లాడ్తది గద," అన్నారాయన.

"మాట్లాడ్త లేదనే గద పిలిపిచ్చింది."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. వంటింటి గుమ్మంలో శాంత టీ ట్రేతో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. బాగా చిక్కింది. నన్ను చూసి వందనాలని పెదవులతో మాత్రమే అంది.

రిపేరుకొచ్చిన ఏ వస్తువునైనా విప్పేముందు నేనొక ప్రశ్న అడుగుతాను. గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. చివరిసారి బాగా పనిచేసినప్పటి నుంచి ఇప్పటిదాకా దాన్ని దేనికి కలిపారు అని. ఆ రోజు ఆ ప్రశ్న అడగకుండా తిన్నగా స్క్రూడ్రైవర్ తీద్దామని ఒక్క క్షణం అనిపించింది. కానీ అడగకుండా విప్పితే పని తప్పు అవుతుంది. అడిగాను.

"పోయినసారి పాత టీవీకి పెట్టిన. లావుగ, వెనక్కి బొర్ర ఉండె జూడు, గది," అన్నారు నర్సింగరావు గారు. "గా టీవీ పోయిన ఏడు తీసేసినం. మొన్న ఈ కొత్తదానికి పెట్టిన. ఏం రాలే. గంతే."

"మధ్యలో ఇంకెవరూ..." అని నేను అంటూండగానే వసుధ గారు అందుకున్నారు.

"ఇంకెవ్వరు ముట్టలే సార్. శాంత దుమ్ము తుడిచింది, అంతే. అంతే గద శాంతా?"

అడిగిన తీరులో అనుమానం లేదు. అదే కష్టం. ఊ అంటే చాలు, అయిపోయేది. నేను కంప్యూటర్ వైపే చూస్తూ కూర్చున్నాను. నేను తల ఎత్తితే నా మొహం చూసి చెప్పిందనుకుంటారు. మనసులో ప్రభువా, ప్రభువా అని తప్ప ఇంకో మాట రాలేదు.

ట్రే బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"కాదండి," అంది శాంత. "తుడవడవొక్కటే కాదండి. తీగ దొరికిందని, సార్‌గారొచ్చేలోపు పెట్టి చూద్దావని, డిష్ బాక్సుకి పెట్టేనండి. రాలేదు. భయవేసి తీసేసేనండి. మీరడిగినప్పుడు చెప్పలేదు."

"డిష్ బాక్సుకా?" నర్సింగరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయనకు వెంటనే అర్థమైపోయింది. "అయ్యో, దాంట్లకెల్లి పద్దెనిమిది వోల్టులొస్తయ్ శాంతా. ఎంతసేపుంచినవ్?"

"ఏమోనండి. పాలు పొంగేదాకా."

"మొన్న అడిగితే తుడిచిన అన్నవ్ గద," అన్నారు వసుధ గారు. టేపు చుట్ట చేతిలో అలాగే ఉంది.

"అన్నానండి."

"నాతోని ఎందుకట్ల అన్నవ్?"

"ఆ విశాఖపట్నం మేడంగారు అడిగితే మీరేవంటారోనని భయవేసిందండి."

వసుధ గారు టేపు కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్న శబ్దం వినబడింది. శాంత గోడకు ఆనుకుని నిలబడింది. నర్సింగరావు గారు కంప్యూటర్ మీద అరచెయ్యి పెట్టి నాతో అన్నారు. "విప్పుండ్రి. ఏముంటదో చూద్దాం."

విప్పేముందు నాకొక ఆలోచన వచ్చింది. శాంతను అడిగాను. "అమ్మా, నువ్వు పెట్టినప్పుడు టీవీ మీద ఏం రాసొచ్చింది?"

"గాలొచ్చినప్పుడు వస్తది కదండీ, ఆ బోర్డేనండి. సిగ్నల్ లేదని."

"ఎర్రగా ఇంకేదైనా వచ్చిందా? రిసీవర్ దానంతటదే ఆగిపోయిందా?"

"లేదండి. ఆ బోర్డొక్కటే."

నా గుండె మీద నుంచి ఏదో కొంచెం పక్కకు జరిగినట్టయింది. రిసీవర్ పంపే కరెంటు ఎక్కడైనా నేరుగా భూమికి కలిసిపోతే దాన్ని షార్ట్ అంటాం. చాలా రిసీవర్లు అది జరిగితే తెర మీద చెప్పి, కరెంటు ఆపేసుకుంటాయి. సిగ్నల్ లేదని మాత్రమే అంటే, కరెంటు పోయి ఎక్కడో ఒక మూసిన తలుపు దగ్గర ఆగి ఉండాలి. ఈ సంగతి నర్సింగరావు గారికి చెప్పాను.

"బ్లాకింగ్ కెపాసిటర్," అన్నారాయన. గొంతులో కొంచెం ఆశ వచ్చింది. "అవుట్‌పుట్‌ల ఒకటి పెట్టి ఉంటడు. మా ప్లాంట్‌ల కూడ గట్లనే పెడ్తం."

కెపాసిటర్ అంటే అటూ ఇటూ ఊగే సిగ్నల్‌ను పోనిచ్చి, ఒకే వైపు తోసే కరెంటును ఆపేసే చిన్న ముక్క. అది అన్ని కంప్యూటర్లలోనూ ఉండదు. ఉందో లేదో విప్పితేగాని తెలియదు.

స్క్రూలు తీశాను. రేకు డబ్బా మూత పైకి లేపాను. మేమిద్దరం తలలు దగ్గరపెట్టి లోపలికి చూశాం. తీగ తగిలించే చోటు వెనక, పప్పుబద్దంత గోధుమరంగు ముక్క ఒకటి ఉంది. కెపాసిటరే. దాని వెనక రెసిస్టర్ల మీద రంగు చారలు చక్కగా కనబడుతున్నాయి. ఒక్కటీ నల్లబడలేదు. కాలిన వాసన లేదు. అయినా కళ్ళను నమ్మకుండా మల్టీమీటర్ పెట్టాను. రెసిస్టర్లు ఉండాల్సినట్టే ఉన్నాయి. కెపాసిటర్ కరెంటును దాటనివ్వడం లేదు.

"ఏం కాలేదు శాంతమ్మా," అన్నాను. "దీనికేమీ కాలేదు."

ఆమె పైట చెంగు నోటికి అడ్డంపెట్టుకుంది. నేను మనసులో అన్న స్తోత్రం పైకే వచ్చేసింది. నర్సింగరావు గారు కూడా, దేవుడున్నడు అన్నారు.

కానీ మరి బొమ్మ ఎందుకు రాలేదు? కంప్యూటర్ బాగుండి, తీగ బాగుండి, తిన్నగా టీవీకే కలిపినా రాలేదు కదా. నేరం ఇప్పుడు టీవీ వైపు తిరిగింది.

ఈ కాలం టీవీలకు యాంటెన్నా సాకెట్ ఉంటుంది గాని, వెతకమంటే డిజిటల్ చానళ్ళనే వెతుకుతాయి. ఈ కంప్యూటర్ పంపేది పాతకాలపు అనలాగ్ బొమ్మ. ఇంటి పెద్దమనిషి గుమ్మంలో నిలబడి పిలుస్తుంటే, ఫోన్ మోగుతుందేమోనని ఫోన్ వైపు చూస్తున్న పిల్లల్లాంటి వ్యవహారం. నర్సింగరావు గారు అదే చేశారు, ఆటో సెర్చ్ నొక్కి వదిలేశారు. నేను మెనూలోకి వెళ్ళి, అనలాగ్ మాన్యువల్ ట్యూనింగ్ కోసం వెతికాను. అంటే టీవీని దానంతట అది వెతకనివ్వకుండా, మనమే చెయ్యి పట్టుకుని ఫలానా చోటికి తీసుకెళ్ళడం. ఆ టీవీలో అది మూడు మెనూల కింద దాక్కుని ఉంది.

"ఏ చానల్ మీద వచ్చేదో గుర్తుందా అండి?"

"ముప్పై ఆరు," అన్నారాయన తడుముకోకుండా. "పాత టీవీల దాని పక్కన పెన్‌తోని గీత పెట్టుకున్న."

ముప్పై ఆరుకు తీసుకెళ్ళాను. తెరంతా చీమలు పాకుతున్నట్టు చుక్కలు. కొంచెం పైకి జరిపాను. చుక్కలే. కిందికి జరిపాను. చుక్కల మధ్య ఒక బూడిదరంగు పట్టీ తేలి, వంకర తిరిగి, మాయమైంది.

"ఆగుండ్రి, ఆగుండ్రి. అక్కడనే ఉన్నది," అన్నారు.

ఒక్కో మెట్టు వెనక్కి వచ్చాను. పట్టీ మళ్ళీ వచ్చింది. ఈసారి వంగలేదు. అది వెడల్పై, తెల్లబడి, తెర నిండా పరుచుకుంది. అంచుల చుట్టూ నీలం. పైన ఎడమ మూల ఒక చిన్న చతురస్రం, ఆరుతూ వెలుగుతూ. కర్సర్.

టీవీ స్పీకర్లోంచి బుస్సుమని శబ్దం మాత్రం వస్తోంది. ఆ కంప్యూటర్ తయారైన దేశంలో టీవీ శబ్దానికి ఒక పద్ధతి, ఈ దేశంలో ఇంకొకటి. సౌండ్ సిస్టం అన్న చోట మార్చగానే అదీ నిశ్శబ్దమైంది.

నర్సింగరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కీబోర్డు ముందు కూర్చున్నారు. క్యాసెట్ ప్లేయర్ తగిలించి పాత టేపు ఒకటి పెట్టారు. ఆ రోజుల్లో ప్రోగ్రాములన్నీ పాటల క్యాసెట్ల మీదే దాచుకునేవారు. టేపు కీచుమంది, గరగరలాడింది, తెర మీద ఎర్రర్ వచ్చింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే.

"టేపు పోయింది," అన్నారు. బాధపడతారనుకున్నాను. చేతులు రుద్దుకుని, "పోనీ. చేత్తోనే కొడ్త," అని టైపు చేయడం మొదలుపెట్టారు. మధ్యలో ఆగి, వేలితో గాలిలో ఏదో లెక్క వేసుకుని, మళ్ళీ కొట్టారు.

"నేనొచ్చిన కొత్తల ఇక్కడ తెలుగు అక్షరం కంటికి కనబడకపోతుండె," అని నాతో అన్నారు తెర వైపే చూస్తూ. "ఇంగ్లీషు, అరబ్బీ, గంతే. రూంల కూసోని, ఎనిమిది వరుసల చుక్కలు పెట్టి, ఒక్కొక్క అక్షరం తయారుచేసిన. గుణింతాల దగ్గర ప్రాణం పోయింది. ఎనిమిది చుక్కల్ల క్ష రాస్తే అది క్ష లెక్కనే ఉండదు, నత్త లెక్క ఉంటది."

ఎంటర్ నొక్కారు. తెర మధ్యలో, మెట్లు మెట్లుగా, కొంచెం పొట్టిగా ఒక అక్షరం వచ్చింది.

"అ అండి," అంది శాంత గోడ దగ్గర నుంచే.

"చూసిన్రా, చదవగలుగుతున్నది. పాస్," అన్నారాయన.

అప్పుడు చూశాను, లోపలి గది తలుపు తెరిచి ఉంది. వసుధ గారు గుమ్మంలో నిలబడి తెర వైపు చూస్తున్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. "వచ్చిందా ముసలిది," అన్నారు. ఆయన భార్య వైపు తిరిగి, "కాలలే. శాంత పెట్టినందుకు ఏం కాలే. తప్పు టీవీది, నాది," అన్నారు.

"విన్న," అన్నారామె.

నేను స్క్రూలు బిగించి, పనిముట్లు సర్దుకుంటున్నాను. టీ చల్లారిపోతే శాంత మళ్ళీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడే వసుధ గారి ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె అక్కడే నిలబడి ఎత్తారు. విశాఖపట్నం ఆవిడని మాటను బట్టి తెలిసిపోయింది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఆ, చెప్పండి వదినా... ఆ, వంట మంచిగ చేస్తది. మీ దిక్కు పులుసులన్ని ఒస్తయ్ ఆమెకు... లేదు, ఊర్కె ఫోన్‌లుండవ్. శుక్రవారం ప్రార్థన ఇంటది, గది మాత్రం ఆపకుండ్రి." కొంచెంసేపు అవతలి మాట విన్నారు. "వస్తువులా? చేతులతోని పని చేసేటోళ్ళకు ఏదో ఒకటి అయితది వదినా. నా చేతిల ఎన్ని పగల్లే. ఒక్క మాట చెప్త. మొన్న ఒకటి జరిగింది, భయపడి నాకు చెప్పలే. ఇయ్యాల నేనే ఆమె తరపున ఏం లేదన్నా, కాదని నా ముంగట నిలబడి చెప్పింది. మీరు అడుగుతరని తెలిసి కూడ చెప్పింది. నేనైతే చెప్పకపోదును." మళ్ళీ విన్నారు. "ఆ, పెట్టుకోండ్రి. నేను పోతున్న గాని, లేకుంటే మీకిస్తుంటినా."

ఫోన్ పెట్టేసి, టేపు చుట్ట తీసుకుని, సగం మూసిన అట్టపెట్టె దగ్గర కూర్చున్నారు. వంటింటి వైపు తిరిగి, కొంచెం గట్టిగా, "శాంతా, చాయ్ ఏమాయె? మల్ల పొంగబెడ్తున్నవా?" అన్నారు.

"తెస్తున్నానండి," అంది లోపలి నుంచి. ఆ ఒక్క మాటా అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

కంప్యూటర్ కార్గోలో ఎక్కింది. శాంత వీసా ఆ తరవాత కొన్నాళ్ళకు మారింది. ఇప్పుడు పక్క వీధిలోనే ఉంది. కూతురు చదువు ఆగలేదు. ఆ విశాఖ వాళ్ళు అబుదాబీ వచ్చినప్పుడల్లా ఆమెను ఆరాధనకు దింపి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకెళుతున్నారు. మొదటిసారి వచ్చిన రోజు దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచి, మాట రాక, ఒక పాట పాడి కూర్చుంది.

ఈ పని నాకు రెండు సంగతులు నేర్పింది. ఒకటి వృత్తి సంగతి. పాత కంప్యూటర్ కొత్త టీవీలో కనబడకపోతే వెంటనే కంప్యూటర్ చచ్చిందనుకోకండి. టీవీని అనలాగ్‌లో చేత్తో వెతకండి. ఆ తీగను డిష్ రిసీవర్‌కు మాత్రం ఎన్నడూ కలపకండి. అన్ని కంప్యూటర్లకూ ఆ పప్పుబద్ద ఉండదు.

రెండోది నా ప్రశ్న గురించి. దేనికి కలిపారు అని నేను ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చాను. అడిగినప్పుడు ఇంట్లో ఎవరి గుండె దడదడలాడుతుందో ఆలోచించలేదు. ఇప్పుడు అడిగే ముందు ఒక మాట చెబుతున్నాను. ఎవరు దేనికి కలిపినా తప్పు కాదు, అందరం అలాగే నేర్చుకుంటాం, చెబితే నా పని సులువవుతుంది అని. ఇంటివాళ్ళు వినేలా చెబుతాను, వంటింట్లోకి కూడా వినబడేలా చెబుతాను. అలా చెప్పినప్పటి నుంచి, విప్పకముందే తెలిసిపోయే రిపేర్లు ఎక్కువయ్యాయి. నిజం చెప్పమని మనుషులకు బోధించడం నాకు ముందే వచ్చు. నిజం చెప్పడానికి చోటు చెయ్యడం మాత్రం ఆ ఇంట్లో నేర్చుకున్నాను. దారంతా నేను వస్తువు కోసం ప్రార్థించాను. దేవుడు వస్తువునూ కాపాడాడు, మనిషినీ నిలబెట్టాడు. నేను అడగనిదే పెద్దది.

చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. పరాయి ఇళ్ళల్లో పనిచేస్తూ, ఒకరి నోటి మాట మీద బతుకు ఆనుకుని ఉన్న మన అక్కచెల్లెళ్ళ కోసం అడుగుదాం. తండ్రీ, వారికి నిజం చెప్పే ధైర్యాన్నివ్వు. ఆ నిజాన్ని వినేవారికి మెత్తని మనసునివ్వు. మా నోటి నుంచి ఒకరి గురించి వెళ్ళే ప్రతి మాటకూ నీవే కావలి ఉండు. ఈ మాటలతో మీ మనసు ఏకీభవిస్తే, నాతో పాటు మీరూ ఆమేన్ అనండి.